ముందే కట్టినవాడు

తను కుట్టిన కుర్చీలో తనే కూర్చోవాల్సి వస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు. సోఫాలూ కుర్చీలూ కుట్టేవాడు పనయ్యాక రెగ్జిన్ మీద అరచేత్తో ఒక దెబ్బ చరిచి, సామాను సంచిలో వేసుకుని వెళ్ళిపోతాడు, కూర్చోవడం డబ్బిచ్చినవాళ్ళ వంతు. ఇక్కడ డబ్బివ్వలేదు కాబట్టి కూర్చున్నాడు. పళ్ళ డాక్టరమ్మ క్లినిక్‌లో ముందుగది, గోడ పొడుగునా ఆకుపచ్చ కుర్చీలు, ఎదురుగా గాజు కౌంటర్, దాని వెనక ఫోన్ చూసుకుంటూ ఒక అమ్మాయి, ఆ అమ్మాయి నెత్తిన గడియారం. ఏడు కొట్టేలోపల డాక్టరమ్మ బాకీ చేతికొస్తే, తన దగ్గరున్నది దానికి కలిపి చెల్లెలి క్రెడిట్ కార్డు బిల్లు మొత్తం కట్టేయాలి. ఈరోజే ఆఖరు, ఏడు దాటాక కట్టింది బ్యాంకు రేపటి లెక్కలో వేస్తుంది. కట్టాడా, చెల్లెలికి ఇచ్చిన మాట దక్కుతుంది. కట్టలేదా, ఇక ఆ ఇంటి గడప తొక్కే మొహం ఉండదు. ఇంత చిన్న సంగతి కౌంటర్ అమ్మాయికి ఇప్పటికి ఎన్నిసార్లో చెప్పాడు, చెప్పినప్పుడల్లా ఆమె తల ఊపింది, తల ఊపడానికే జీతమిస్తారు కాబోలు.

"మేడమ్ లోపల పేషెంట్‌తో ఉన్నారన్నా. కూర్చోండి."

"కూర్చునే ఉన్నానమ్మా."

ఎదురు కుర్చీలో ముసలావిడ కట్టుడు పళ్ళ కోసం వచ్చినట్టుంది, పెదాలు లోపలికి పోయి ఉన్నాయి, నోటికి పనిలేదు కాబట్టి చేతికి పని కల్పించుకుంది. రెండు రెగ్జిన్ ముక్కలు కలిసే అంచులో సన్నటి తాడు పొదిగి కుడతారు, దాన్ని పైపింగ్ అంటారు, కుర్చీకి అందమంతా అందులోనే ఉంటుంది, ఆవిడ దాన్ని గోటితో గీరుతోంది. గీరడం, లాగడం, మళ్ళీ బుద్ధిగా నొక్కడం, మళ్ళీ గీరడం. దాని జోలికి పోకు తల్లీ, ఆ మూల తిప్పేటప్పుడు సూది నా వేల్లో దిగింది, అని అరవాలనుంది అతనికి. కానీ బాకీ అడగడానికి వచ్చినవాడు పేషెంట్ల చేతులు పట్టుకుంటే బయటికి నెడతారు. చూస్తూ ఊరుకున్నాడు. ఊరుకోవడం కొత్తేమీ కాదు. కుడివైపు దవడలో పన్ను సలుపుతోంది, నాలుక ఊరికే అక్కడికే పోతుంది, వద్దన్న కొద్దీ అక్కడికే పోతుంది. పళ్ళ డాక్టర్ గుమ్మంలో పన్నునొప్పితో కూర్చుని పన్ను సంగతి ఎత్తకుండా ఉన్నవాడు ఈ లోకంలో తనొక్కడే అయ్యుంటాడనుకుంటే నవ్వొచ్చింది, నవ్వితే పన్ను జివ్వుమంది.

ఈ ఆకుపచ్చ అసలు అతనికి నచ్చలేదు. మాసిపోతుందమ్మా, ముదురు రంగు వేసుకోండి అన్నాడు. డాక్టరమ్మ వినలేదు, ఆకుపచ్చ చూస్తే పేషెంట్లకి భయం తగ్గుతుందంది, ఎక్కడో చదివిందట. సరే, ఎవరి పిచ్చి వారికానందం. ఆవిడిచ్చిన అడ్వాన్సు సరుకు మోసుకొచ్చిన బండి కిరాయికి సరిపోయింది. రెగ్జిన్ షాపువాడు అరువివ్వడు, మీ నాన్న వచ్చినా ఇవ్వనని మొహం మీదే అంటాడు. అప్పుడు జేబులోంచి చెల్లెలి కార్డు తీశాడు. మిషన్‌లో పెట్టి నంబరు నొక్కితే చాలు, కిర్రుమని కాగితం వచ్చింది, షాపువాడి మొహంలో గౌరవం వచ్చింది, ఒక్క రూపాయి జేబులోంచి పోలేదు. ఆ క్షణాన ఎంత హాయి! ఫోమ్ షీట్లు కూడా చూడండి సార్, అన్నాడు వాడే, ఎప్పుడూ 'ఏమయ్యా' తప్ప ఇంకో పిలుపు ఎరగనివాడు. అప్పు చేసి పప్పుకూడు తిన్నారని లోకాన్ని వెక్కిరిస్తారు, ఇతనికి ఆ కూడైనా దక్కలేదు, అప్పు చేసి ఊళ్ళోవాళ్ళ కూర్చునే చోటికి మెత్తలు వేశాడు. ఇప్పుడీ ముసలావిడ కింద ఉన్న ఫోము చెల్లెలి పేరు మీద ఉంది. ఆ మూల బుగ్గ వాచి నిద్రపోతున్న పెద్దమనిషి ఆనుకున్న కుర్చీ వీపూ చెల్లెలి పేరు మీదే ఉంది. డాక్టరమ్మకి వడ్డీ లేదు, గడువు లేదు, ఆలస్యమైందని ఆవిడ ఫోన్‌కి ఎర్ర అక్షరాలతో మెసేజ్ రాదు. "చూద్దాంలే" అంటే ఆవిడకి సరిపోతుంది. ఆ ఒక్క మాట అనే అదృష్టం కోసమైనా డాక్టరు చదవాల్సింది.

కార్డు ఇమ్మని అతను అడగలేదు. అది మాత్రం ఎవరైనా ఒప్పుకోవాలి. కుట్టుమిషను మోటారు కాలిపోయి పని ఆగిపోయినప్పుడు చెల్లెలే ఆఫీసు నుంచి నేరుగా షాపుకొచ్చింది, లోపల అడుగు పెట్టే చోటు లేక ఫోము గుట్టల మధ్య గుమ్మంలోనే నిలబడింది, నల్ల చెప్పులు, మెడలో ఆఫీసు బిళ్ళ. "నా దగ్గర ఊరికే పడుందన్నయ్యా, వాడుకో. తారీఖు మాత్రం తప్పకు." అంతే అంది. దాని చదువుకి ఫీజులు తను కట్టాడు, నాన్న పోయాక సోఫాలు విప్పి, మేకులు పీకి, మళ్ళీ కొట్టి కట్టాడు. ఆ మాట అదీ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు, అన్నాచెల్లెళ్ళ మధ్య ఎత్తని మాటలే ఎక్కువ బరువుంటాయి. కార్డు మీద దాని పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది. కొత్తల్లో ఆ పేరు మీద బొటనవేలు రాస్తూ మురిసిపోయేవాడు, చూడు, మా చెల్లెలి పేరు చెబితే షాపులు తెరుచుకుంటున్నాయి అని. మెసేజ్‌లన్నీ దాని ఫోన్‌కి పోతాయి. తను ఎక్కడ ఏం కొన్నదీ, ఎప్పుడు కట్టిందీ, ఎప్పుడు కట్టనిదీ, అన్నం తింటున్నా ఆఫీసులో ఉన్నా మొగుడి పక్కన కూర్చునున్నా, టింగుమని దానికే పోతాయి. ఇది మాత్రం అప్పట్లో అతనికి తట్టలేదు.

తప్పలేదా తారీఖు? తప్పింది. అబద్ధం ఎందుకు, ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిసారి నిజంగానే చేతిలో లేదు, పెళ్ళాం ఒంట్లో బాగుండక డబ్బంతా అటు పోయింది. ఆ మాటే చెల్లెలికి చెబితే పోయేది. చెప్పలేదు. "కట్టానమ్మా, బ్యాంకు మిషను పనిచేయడం లేదట" అన్నాడు. రెండోసారీ ఆ మిషనే చెడిపోయింది, పాపం. చెల్లెలు "సరే అన్నయ్యా" అంది రెండుసార్లూ, ఆ 'సరే'లో ఏమీ లేదు, కోపం లేదు, అనుమానం లేదు, అందుకే దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలుతాయి. తిట్టి ఉంటే బాగుండేది. దాని నోరు మంచిది, నాన్న పోలిక.

నాన్న. నాన్న వడ్రంగి. కిరాణా షాపు బాకీ అడిగించుకోవడమంటే చావుతో సమానం ఆయనకి. కూలి చేతిలో పడగానే ఇంటికి కూడా రాకుండా షాపుకి పోయి, వాడు పద్దు రాసుకునేలోపే బల్ల మీద డబ్బు పెట్టేవాడు. అడిగించుకున్నాక ఇచ్చే డబ్బుకి విలువ లేదురా, ముందే ఇచ్చినవాడే మగాడు, అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు. ఆ మాట బుర్రలో ఎంత లోతున దిగిందో మొన్న తెలిసింది అతనికి. రెండుసార్లు సిగ్గుచేటయ్యాక, మూడోసారి ఒక పాత సోఫా సెట్టు అమ్ముడుపోయి డబ్బు చేతికొచ్చింది. ఇంటికి పోలేదు. పెళ్ళానికి చెప్పలేదు. దారిలోనే, బస్సు ఆగే చోట నిలబడి, ఫోన్‌లో కార్డు నంబరు కొట్టి, ఇంకా బిల్లే రాకుండా, నెలనెలా కట్టాల్సిన కనీసపు డబ్బు కట్టేశాడు. పైన ఇంకొంచెం కూడా. గుండె మీంచి బండ దించినట్టయింది. నాన్నా, చూశావా, అనుకున్నాడు, ముందే ఇచ్చాను. నిజంగా అనుకున్నాడు, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పెదాలు కదిపి మరీ అనుకున్నాడు. ఆ మర్నాడు బిల్లు తయారైంది. కట్టింది పోను మిగిలిన బాకీకి మళ్ళీ ఇంత కనీసం కట్టాలని, ఫలానా తారీఖులోపు కట్టాలని. తను కట్టేశాను కదా అని కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. తారీఖు దాటింది. జరిమానా పడింది, జరిమానా మీద వడ్డీ, వడ్డీ మీద పన్ను, అన్నిటికన్నా పెద్దది, చెల్లెలి పేరు మీద మచ్చ.

బ్యాంకు నంబరుకి ఫోన్ చేశాడు. ఒకటి నొక్కండి, నాలుగు నొక్కండి, పాట వినండి, అన్నీ అయ్యాక ఒక తేనె గొంతు పలికింది.

"మీరు బిల్లు రాకముందే కట్టారు సర్. అది పాత లెక్కలో పోయింది. కొత్త బిల్లుకి కట్టలేదు."

"ముందు కడితే ఆలస్యమెలా అవుతుందమ్మా?"

"గడువులోపల పేమెంట్ రాలేదు సర్."

"ముందే వచ్చిందిగా!"

"ముందు వచ్చింది గడువులోపల వచ్చినట్టు కాదు సర్. ఇంకేమైనా సహాయం కావాలా?"

ఇంకేం సహాయం కావాలి తల్లీ, ఒక తాడు పంపించు చాలు. ఆలస్యంగా ఇస్తే నేరం, ఒప్పుకున్నాడు. ముందుగా ఇస్తే కూడా నేరమేనా? నాన్న బతికుంటే ఆ తేనె గొంతుకి ఏం చెప్పేవాడో. వడ్రంగి మనిషి, ఉలి కిందపెట్టి, చెవి వెనక పెన్సిలు తీసి, మళ్ళీ చెవి వెనకే పెట్టుకునేవాడు, ఇంకేం చేస్తాడు. చెల్లెలికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు, ఈసారి నిజం చెబుతున్నాను కదా అని గొంతు కూడా పెంచాడు. ముందే కట్టానమ్మా, ముందే కట్టేసరికి లెక్కలో పడలేదట. చెప్తుంటేనే తనకి వినపడింది, మిషను చెడిపోయిందన్న అబద్ధమే దీనికన్నా నమ్మేలా ఉంది. "సరే అన్నయ్యా," అంది చెల్లెలు. అదే సరే. వెనక నుంచి బావగారి గొంతు మాత్రం స్పష్టంగా వచ్చింది, వినపడాలనే అన్నాడు. "మీ అన్నయ్యకి ఒకసారి ముందు, ఒకసారి వెనక, ఒకసారి మిషను. తారీఖు రోజు కట్టడం మాత్రం కుదరదా?" వాళ్ళు ఇల్లు కొనుక్కుంటున్నారు, చెల్లెలి జీతం మీద లోను పెట్టారు, లోను ఆఫీసరు దాని పేరు మీద మచ్చ చూసి మొహం చిట్లించి, ఈ నెల కార్డు బాకీ మొత్తం తీరిస్తే అప్పుడు చూద్దామన్నాడట. వాళ్ళింటికి పోయి బావగారి ముందే, పది మంది మధ్య తలెత్తి అన్నాడు అతను, తారీఖు రోజున, పూర్తిగా, నేనే కడతాను, కట్టకపోతే నన్ను అన్నయ్యా అని పిలవకు. ఎందుకన్నాడు అంత మాట? నోరు జారింది. పౌరుషం అన్నం పెట్టదు కానీ నోరు మాత్రం తెరిపిస్తుంది.

గడియారం ముల్లు కదులుతోంది. ముసలావిడ మొత్తానికి సాధించింది, పైపింగ్ మూల దగ్గర పైకి లేచింది, లోపలి తాడు తెల్లగా కనబడుతోంది, ఆవిడ దాన్ని చూసి ఉలిక్కిపడి, కొంగు కప్పి, పైకప్పు చూడసాగింది. ఫోన్ మోగింది, ఇంటి నుంచి. "వచ్చాయా?" అంది పెళ్ళాం. "వస్తాయి" అన్నాడు. "అద్దెకి తీసిపెట్టింది కదపకండి, ఇంటావిడ పొద్దున్న మెట్ల మీద ఎదురైంది." "కదపను." "పన్నెలా ఉంది?" "బాగానే ఉంది." ఇన్నిట్లో ఒక్కటైనా నిజం ఉందా అని తనే వెతుక్కున్నాడు. జేబులో అద్దె డబ్బు కూడా ఉంది, తెచ్చుకోకూడదనుకుంటూనే తెచ్చుకున్నాడు. బాకీ అడగడమెంత కష్టమో బాకీ ఉన్నవాడికే తెలుస్తుంది, అందుకే డాక్టరమ్మని గట్టిగా అడగలేడు, అడగబోతే తన గొంతులో ఆ తేనె గొంతు వినిపిస్తుంది, రెగ్జిన్ షాపువాడి గొంతు వినిపిస్తుంది, బావగారు వినిపిస్తాడు. అడిగేవాళ్ళందరూ ఒక జాతి, తనెన్నడూ ఆ జాతిలో పుట్టలేదు. కౌంటర్ అమ్మాయి బ్యాగు సర్దుకుంటోంది. సర్దుకుంటోందేమిటి? క్లినిక్ కట్టేస్తారా?

లోపలి తలుపు తెరుచుకుని డాక్టరమ్మ వచ్చింది, మాస్కు గడ్డం కిందికి లాగి ఉంది, చేతుల నుంచి మందు వాసన.

"ఏమయ్యా, ఇంకా ఉన్నావా? వచ్చే నెల రమ్మన్నానుగా."

అతను లేచాడు. లేవకూడదనుకున్నాడు, కాళ్ళే లేచాయి. "అమ్మా, ఈ రెగ్జిన్ మా చెల్లెలి కార్డు మీద కొన్నానమ్మా. ఇవాళే గడువు. ఏడులోపల కట్టాలి. మీ పని మీ కళ్ళముందే ఉంది. నా డబ్బు ఇప్పించండి." పేషెంట్లందరూ తల తిప్పారు. బుగ్గ వాచినాయన కూడా కళ్ళు తెరిచాడు. సిగ్గు వేయలేదు, విచిత్రం, సిగ్గు అంతా ముందే ఎక్కడెక్కడో ఖర్చయిపోయినట్టుంది.

డాక్టరమ్మ డబ్బు మాట విననట్టే అతని మొహం చూసింది. "దవడ వాచిందే నీకు! ఎన్నాళ్ళయింది? రా లోపలికి, రూట్ కెనాల్ చేసేస్తాను, పైన తొడుగు కూడా వేస్తాను. నీ బాకీ అందులో పోతుంది. లెక్క చూసుకుంటే నీకే లాభం."

ఎంత మంచి మనసు! పక్కనున్న పేషెంటు నిజంగానే కుళ్ళుకున్నాడు, వీడికెంత అదృష్టం అని. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, అతని నాలుక మళ్ళీ అక్కడికి పోయింది. నొప్పి పోతుంది. ఇవాళే పోతుంది. రాత్రి నిద్రపడుతుంది. చెల్లెలికి ఏదో ఒకటి చెప్పొచ్చు, మిషను ఉండనే ఉంది.

"పన్నుకి గడువు లేదమ్మా," అన్నాడు. "కార్డుకుంది."

డాక్టరమ్మకి కోపం వచ్చింది. మంచి చేయబోతే వద్దన్నవాళ్ళ మీద వచ్చే కోపం చాలా ఘాటుగా ఉంటుంది. గది చుట్టూ చూసింది, చూసి, ముసలావిడ పక్కన లేచిన మూల దగ్గర ఆగింది. "ఇదేం పని? అప్పుడే కుట్టు ఊడొస్తోంది. దీనికి పూర్తి డబ్బు ఎలా ఇస్తాను?" ముసలావిడ కొంగు సర్దుకుంది, తేలు కుట్టిన దొంగలా నేల చూసింది. చెప్పొచ్చు. ఆవిడే గీరిందండీ, నేను చూశానండీ, అనొచ్చు. పళ్ళు లేని ముసలి ప్రాణం మీద తన డబ్బు వసూలు చేసుకోవచ్చు. గడియారం చూశాడు. "తగ్గించుకునే ఇవ్వండమ్మా. ఇప్పుడే ఇవ్వండి." డాక్టరమ్మ బాగానే తగ్గించుకుంది. అక్కడే ఫోన్‌లోంచి పంపింది, ఇంత సులువు పనికి ఇన్నాళ్ళు తిప్పిందా అని చూస్తూ ఉండిపోయాడు. చావు తప్పి కన్ను లొట్టపోయింది. పోతే పోయింది, ఒక కన్ను మిగిలిందిగా.

బయటికొచ్చి మెట్ల మీదే నిలబడ్డాడు. తక్కువపడ్డ దానికి అద్దె డబ్బు కావాలి, అది నోట్లలో ఉంది. కింద మందుల షాపతనికి నోట్లిచ్చి ఫోన్‌లోకి వేయించుకున్నాడు, అతనొక్కొక్క నోటూ దీపానికెత్తి చూస్తుంటే ప్రాణం గిలగిల్లాడింది. ఇంటావిడ మెట్ల మీద ఎదురైతే ఎదురవనీ, మెట్లకింద దాక్కుంటాడు, పెళ్ళాం రేపటిదాకా మాట్లాడదు, మాట్లాడకపోనీ. కార్డు నంబరు చూడకుండానే వచ్చు. కొట్టాడు. అంకె కొట్టాడు, సున్నాలు ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. నొక్కాడు. గుండ్రంగా ఏదో తిరిగింది, తిరిగింది, తిరిగి తిరిగి పచ్చగా వెలిగింది. ఏడు కాలేదింకా. ముందు కాదు, వెనక కాదు, తారీఖు రోజున, పూర్తిగా. కళ్ళు చెమ్మగిల్లాయి. రోడ్డు మీద పోయేవాళ్ళంతా మంచివాళ్ళలా కనబడ్డారు. డాక్టరమ్మ కూడా మంచిదే పాపం, ఎవరి బాధలు వాళ్ళవి. చెల్లెలి ఫోన్ ఈపాటికి టింగుమని ఉంటుంది, బావగారి పక్కనే టింగుమని ఉంటుంది, చూసి ఉంటాడు, ఇప్పుడేమంటాడో వినాలి. ఆగలేక తనే ఫోన్ చేశాడు.

"చెల్లమ్మా, పడిందా?"

"ఏంటన్నయ్యా?"

"డబ్బు. కార్డులో."

"ఓ, అది నువ్వా?" అంది చెల్లెలు. "ఇప్పుడే మెసేజ్ వచ్చింది. ఎవరివో పొరపాటున పడ్డాయేమో, రేపు బ్యాంకుకి ఫోన్ చేసి కనుక్కుందామనుకుంటున్నా."

అతనికేమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా అర్థం కానట్టే నిలబడ్డాడు.

"పొద్దున్నే నేను కట్టేశానన్నయ్యా," చెల్లెలు గొంతు తగ్గించింది, నడుస్తోంది, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోయినట్టు తలుపు చప్పుడైంది. "మొత్తం కట్టేసి, కార్డు కూడా మూసేయమని పెట్టేశాను. నీకు సాయంత్రందాకా టెన్షన్ ఎందుకని. ఎక్కువ పడింది తిరిగొస్తుందిలే, పంపిస్తాను. ఆయనకి మాత్రం నువ్వే కట్టావని చెప్పాను. నువ్వేం కంగారు పడకు."

"నేను కట్టాను కదమ్మా."

"అదే అన్నయ్యా," అంది చెల్లెలు, ఎంతో ప్రేమగా. "నువ్వే కట్టావనే చెప్పాను. ఆయన అడిగితే నువ్వూ అలాగే చెప్పు."